మ్యాట్ కింది తడి

సంపూర్ణకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తను పక్కన లేని క్షణంలో పాప ఊపిరి ఆగిపోతుందేమోనని.

పాప ఏంజెల్ పుట్టగానే సంపూర్ణకు రక్తం ఆగలేదు. భద్రాచలం దవాఖానా నుంచి ఖమ్మం తరలించారు. భర్త జయరాజ్ ఆమె వెంట పోయాడు. నెలలు నిండని పాప మాత్రం భద్రాచలంలోనే, నర్సు అక్సా చేతుల్లో ఉండిపోయింది. సంపూర్ణ తెలివొచ్చి, లేచి, పాపను ఎత్తుకునేసరికి చాలా రోజులు పట్టింది.

అప్పటి నుంచి పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూనే ఉంటుంది.

ఇప్పుడు పాపకు ఏడాది నిండింది. "పుట్టినరోజు ఈడనే చేద్దాం, తీసుకురా. ఒకామెకు పెట్టాలె, కొత్త చీర గూడ తే" అని అక్సా ఫోన్ చేసింది. ముగ్గురూ కారేపల్లి నుంచి తమ పాత కారులో బయలుదేరారు.

"ఏసీ వెయ్యకు. ఆ ముక్కిన వాసనకు పాపకు పిల్లికూతలు వస్తున్నయి" అంది సంపూర్ణ.

"మొన్ననే మెకానిక్ మున్వర్ భాయ్ షెడ్డుల కడిగిచ్చిన గదా. ఇంకా వాసన ఏడుంది?"

"నా ముక్కుకు తెలుస్తది."

"నీ ముక్కు ముందర పోలీసు కుక్కలు గూడ పనికిరావు."

పాల్వంచ దాటి అడవిలోకి వచ్చేసరికి వాన దంచింది. అద్దాలు ఎత్తేశారు.

రోడ్డు పక్కన ఇప్పచెట్టు కింద ఒకామె చెయ్యెత్తింది. తడిసి ముద్దయింది. చంకలో చిన్న మూట.

జయరాజ్ కారు ఆపాడు.

"ఎందుకు ఆపుతున్నవ్?" సంపూర్ణ గొణిగింది.

"వానల ఆడమనిషి. వదిలేసి పోదామా?"

ఆమె వెనక సీట్లో సంపూర్ణ పక్కన ఒదిగి కూర్చుంది. సీటు మీదున్న కొత్త చీర కవరును, తడి తగలకుండా సంపూర్ణ ఇటు లాక్కుంది.

"పేరేంది అక్కా? ఏ ఊరు?" జయరాజ్ అడిగాడు.

"జంపక్క అంటరు తమ్మీ. లోపలి గూడెం మాది."

"యాడికి పోతున్నవ్?"

"భద్రాచలం. నా బిడ్డను చూడబోతున్న."

ఏంజెల్ ఆమె మెడలోని పూసల కోసం చెయ్యి చాపింది. కొత్త మొహం చూస్తే ఏడ్చే పిల్ల! జంపక్క నవ్వి తన వేలు అందించింది. సంపూర్ణ పాపను ఇటు తిప్పేసుకుంది.

అందరి ఊపిరికీ అద్దాలు మసకబారాయి. రోడ్డు కనబడటం లేదు. గత్యంతరం లేక జయరాజ్ ఏసీ వేశాడు. అద్దం తేటపడింది.

దాంతోపాటే వాసన. తడి గోనెసంచీని మూలన పడేసి మరిచిపోతే వచ్చే వాసన.

పాప దగ్గింది. ఆ వెంటనే పిల్లికూతలు.

"చూసినవా? ఏసీ వాసన ఎన్నడన్న ఇంత ఘాటుగ ఉండెనా?" సంపూర్ణ పాపను గుండెకు హత్తుకుంది. జంపక్క వైపు తిరిగింది. "ఆ మూటల ఏముంది?"

"వెదురు కొమ్ములు చెల్లె. ఇంత తేనె."

"అవే! తడి బట్టలు, ఆ మూట! తడి వాసన పడదని డాక్టర్ చెప్పలే? కారు ఆపు!"

"సంపూర్ణా, అడవి..."

"నా పిల్ల ఊపిరి పోతే నువ్వు తెస్తవా?"

జయరాజ్ వేగం తగ్గించాడు గానీ ఆపలేదు. జంపక్కే అతని భుజం తట్టింది.

"ఆపు తమ్మీ. బిడ్డకు ఊపిరాడాలె. నాకేంది, బస్సొస్తది."

దిగి, పాపను ఒకసారి చూసి, తలుపు మెల్లగా వేసింది.

కారు కదిలింది. వాసన కదల్లేదు.

ఒక మలుపు. ఇంకో మలుపు. పాప డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఏమయ్యా, ఆమె దిగింది గదా... ఇంకా వస్తున్నదేంది?"

జయరాజ్ కారు పక్కకు ఆపి ముందు సీటు కింది మ్యాట్ ఎత్తాడు. అడుగంతా నీళ్ళు. కింది గుడ్డ నల్లగా బూజు పట్టి ఉంది.

"ఏసీ నీళ్ళు కారు కింది నుంచి రోడ్డు మీద పడాలె. పైపు మూసుకుంటే లోపలికొస్తయ్, చూసుకో అన్నడు మున్వర్ భాయ్" అన్నాడు నీరసంగా. "వానల రోడ్డంతా తడే. నేనేం చూస్త?"

సంపూర్ణ ఏసీ ఆపించి అద్దాలన్నీ దించేసింది. జల్లు లోపలికి కొట్టింది. పాపను కొంగుతో కప్పి తను తడిసింది.

"వాపసు పోయి ఎక్కిచ్చుకుందామా?" జయరాజ్ అడిగాడు.

"ముందు పిల్లను చూపిద్దాం."

గోదావరి వంతెన ఎక్కేసరికి పిల్లికూతలు కొంచెం తగ్గాయి. దవాఖానాలో అక్సా పాప మూతికి మందు గొట్టం పెట్టి పీల్పించింది. "ఇంక భయం లేదు" అంది. తర్వాత గేటు వైపు చూసింది.

"కేకు ఇప్పుడే కొయ్యొద్దు. ఇంకో మనిషి రావాలె. పొద్దున్నే బయలెల్లుతనని కబురు పంపింది. ఆమెకు చీర తెచ్చినవా?"

"తెచ్చిన. ఆమె పేరు గూడ చెప్పకపోతివి అక్కా."

"జంపక్క."

సంపూర్ణ కవరు విప్పి చూసింది. చీర మీద ఒక్క చుక్క తడి లేదు.

జయరాజ్ అప్పుడే కారు తీశాడు. పొద్దుగూకే వేళకు ఒక్కడే తిరిగొచ్చాడు. ఆమె దిగిన చోట ఎవరూ లేరు. ఆ దారిన వచ్చిన బస్సువాళ్ళు అట్లాంటి మనిషి ఎక్కలేదన్నారు. గూడేనికి పోయే బాటను వాగు ముంచేసింది.

పాల్వంచ మీదుగా భద్రాచలం పోయేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఆ ఇప్పచెట్టు దగ్గర ఒక్కసారి బండి ఆపి, జంపక్క ఇల్లు చేరిందో లేదో కనుక్కుని చెప్పండి. తన పసిగుడ్డును మట్టిలో పెట్టి వచ్చిన ఆ వారంలోనే, తల్లి పక్కన లేని ఏంజెల్‌కు పాలిచ్చి ఊపిరి నిలిపింది ఆమే.