బుచ్చమ్మ చూసిన నాడి

"కదలకు మావా. మల్లీ తప్పుతంది" అంది బుచ్చమ్మ, మొగుడి మణికట్టు వదలకుండా.

"తప్పితే తప్పనీ. టీ సల్లారిపోతంది" అన్నాడు బైరాగి.

వీధరుగు మీద తెల్లారితే ఇదే తంతు. బైరాగి గుండెకు విశాఖలో బైపాస్ చేసి రెండేళ్లు దాటింది. కోత మానింది గానీ, ఆపరేషనయ్యాక కొన్నాళ్లు ఆ గుండె, తప్పెటగుళ్ల జట్టులో కొత్తగా చేరినవాడు వాయించినట్టు, తాళం తప్పి కొట్టుకుంది. మందులకు సర్దుకుంది. "కొందరికి ఏళ్ల తరవాత కూడా ఇది తిరగబెడుతుంది. గుండెలో నెత్తురు గడ్డకట్టి తలకెక్కితే కాలూ చెయ్యీ పడిపోవచ్చు. రోజూ నాడి చూస్తుండండి" అని చెప్పి పంపించారు అక్కడి డాక్టర్లు.

ఆ మాట బైరాగి ఆసుపత్రి మెట్ల మీదే వదిలేశాడు. బుచ్చమ్మ కొంగున ముడేసుకుని తెచ్చుకుంది. నర్సమ్మ రెండు వేళ్లు ఆనించి చూపించింది గానీ, పలాసలో జీడిపిక్కలు కొట్టి కొట్టి బుచ్చమ్మ వేళ్ల కొసలు సొనకు కాలి ఎప్పుడో మొద్దుబారాయి. పొయ్యి మీది గిన్నె వేడే తెలియని వేళ్లకు నాడేం తెలుస్తుంది? బొటనవేలొక్కటే కాస్త బతికుంది. దాన్నే అదిమిపెట్టి చూసేది.

చాన్నాళ్లు బాగానే నడిచింది. ఈ కార్తీకం నుంచే వచ్చింది తంటా. కాసేపు ఆగడం, కాసేపు పరిగెత్తడం. ఇక బైరాగిని తోట మొహం చూడనివ్వలేదు ఆమె. తుపానుకు పాత చెట్లు కూలిన చోట మళ్లీ వేసిన జీడిమొక్కలకు తానే బిందెలతో నీళ్లు మోసింది. గట్టెక్కేసరికి ఆయాసం. ఒకనాడు కళ్లు తిరిగి బిందెతో సహా కూలబడింది. దిగులు పట్టుకుంటే ఊరుకుంటుందా, మనిషిని లోపల్నించి తొలిచేస్తుంది.

"అత్తా, నువ్వే సిక్కిపోతన్నావు" అంది కోడలు హేమలత.

"మీ మావకి కాలూ సెయ్యీ పడిపోతే, నాను సిక్కితే ఏటి, బలిత్తే ఏటి?"

"నన్ను ఇగ్రహంలా కూకోబెట్టీసింది" అన్నాడు బైరాగి. "ఆరతి కూడా ఇచ్చీమను, ఒగ పని అయిపోద్ది."

టెక్కలి తీసుకెళ్లి ఈసీజీ తీయించారు. బాగుందన్నారు. మళ్లీ వెళితే ఒక రోజంతా ఒంటికి కట్టుకునే యంత్రం ఇచ్చారు. అదీ బాగుందనే అంది. బుచ్చమ్మకు మాత్రం రాత్రి నిద్ర లేదు, పగలు తిండి లేదు. పక్క మీద పడుకున్న మనిషి పొద్దున లేస్తాడో లేవడో.

మళ్లీ వచ్చిన వాళ్లను చూసి టెక్కలి డాక్టర్ సూర్యప్రకాష్ నవ్వు ఆపుకున్నాడు. బైరాగిని మంచం మీద పడుకోబెట్టి తీగలు అంటించాడు. బుచ్చమ్మ పక్కనే నిలబడి మొగుడి చెయ్యి పట్టుకుంది.

"అదిగో బాబూ, ఇప్పుడు తప్పింది. అదిగో, మల్లీ."

తెర మీద గీత, చేయి తిరిగినవాడు పేనిన కొబ్బరితాడులా ఒకే తీరుగా సాగిపోతోంది.

"ఏం తప్పలేదమ్మా. మీరే చూడండి."

"నాకు సదువు రాదు గానీ నా సెయ్యి అబద్దమాడదు బాబూ. ఆ మిసను మార్పించండి."

"మిసను కాదు డాక్టరుబాబూ, దీన్ని మార్పించండి" అన్నాడు బైరాగి పడుకునే.

డాక్టర్ నవ్వబోయి, ఆమె పట్టుకున్న తీరు చూసి ఆగిపోయాడు. తన రెండు వేళ్లు ఆమె మణికట్టు మీద ఆనించి, గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. తరవాత బైరాగికి అంటించిన తీగలు ఒక్కొక్కటే తీసేశాడు.

"నువ్వు దిగు పెద్దాయనా. అమ్మా, మీరు పడుకోండి."

"నానెందుకు బాబూ? నాడి తప్పింది మా మావకి కదా."

"బొటనవేలితో పట్టి చూస్తే తెలిసేది మన నాడే అమ్మా."