ఏడిస్తే నాది

"పెద్దవాళ్ళు మీరు పొండి. పసిదాన్ని మాత్రం ఓడ ఎక్కించేది లేదు," అంది విజయమ్మ, ఏడు నెలల మనవరాలిని చంకలో ఇంకాస్త బిగించి పట్టుకుని.

రేపల్లెలో ఆ ఇంటి వరండాలో మూడు రోజులుగా ఇదే రగడ. అల్లుడు ఎజ్రా అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ బడిలో పంతులు. ఇప్పుడు కూతురు కరుణకి కూడా అక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీఖుకల్లా చేరాలి. గురువారం తెనాలిలో మద్రాసు మెయిలు అందుకోవాలి, శనివారం మద్రాసులో ఓడ ఎక్కాలి. ఆ తర్వాత ఎటు చూసినా నీళ్ళే.

"నాలుగు రోజులేగా అత్తయ్యా," అన్నాడు ఎజ్రా.

"ఆ నాలుగు రోజులూ వాంతులతో బకెట్టు ముందే కూర్చున్నానని నువ్వేగా చెప్పావు బాబూ. నీకే అట్లా ఉంటే దీని గతేంటి? మొన్న బాపట్ల పెళ్ళికి తీసుకెళ్తే బస్సులో గుక్కపట్టి ఏడ్చింది. ఏడాది నిండనీ, అప్పుడు చూద్దాం."

కరుణ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అప్పటికి నన్నెవరో అనుకుంటుందమ్మా. నా పిల్లని ఇక్కడ వదిలేసి, అక్కడ ఎవరి పిల్లలకి సూదులు వెయ్యను?"

ఆ మాటకి విజయమ్మ గుండె కలుక్కుమంది. అయినా తగ్గలేదు. పుట్టిన దగ్గర్నుంచీ మనవరాలు రిబ్కా ఆవిడ పక్కలోనే పడుకుంటోంది. పిల్ల లేని ఇల్లు తలుచుకుంటేనే ఆవిడ ప్రాణం గిలగిల్లాడుతోంది మరి.

"సరే, పందెం," అంది చివరికి. "రేపు పెనుమూడి రేవులో లాంచీ ఎక్కుదాం. కృష్ణ దాటి పులిగడ్డ వెళ్ళి, అదే లాంచీలో తిరిగొద్దాం. లాంచీలో ఒక్కసారి ఏడ్చినా పిల్ల ఇక్కడే ఉంటుంది. ఏడిస్తే నాది, ఏడవకపోతే నీది."

పేపరు చదువుకుంటున్న భర్త అంద్రెయ తలెత్తాడు. "ఏడవని పసిపిల్ల ఎక్కడుంటుందే?"

"మీరు పేపరు చూసుకోండి," అంది విజయమ్మ.

కరుణ వేరే దారి లేక ఒప్పుకుంది.

మర్నాడు పొద్దుటి నుంచీ విజయమ్మ పిల్లని కన్ను మూయనివ్వలేదు. కునుకు పట్టబోతే చాలు, గిలక్కాయ ఆడించింది. కాకిని చూపించింది. చక్కిలిగింతలు పెట్టింది. నిద్ర చాలని పిల్ల ఎంత పేచీ పెడుతుందో ఐదుగుర్ని పెంచినావిడకి ఒకరు చెప్పాలా? ప్రయాణం కూడా మధ్యాహ్నం మూడింటికి పెట్టించింది, సరిగ్గా గాలి లేచే వేళకి. పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు పిల్లకి పౌడరు రాసి కొత్త గౌను తొడిగింది. చేస్తున్నది తప్పేనని తెలుసు. ప్రభువు క్షమిస్తాడులే అనుకుంది.

లాంచీ కదిలింది. నది మధ్యకి వచ్చేసరికి గాలి ఈడ్చి కొట్టింది. లాంచీ అటూ ఇటూ ఊగుతుంటే ఎవరిదో అరటిగెల ఇటు చివర నుంచి అటు చివరకి జారిపోయింది. ఎజ్రా కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కరుణ ఊపిరి బిగబట్టి, తల్లి ఒళ్ళో ఉన్న కూతురి మొహంలోకే చూస్తోంది.

రిబ్కా కళ్ళు నులుముకుంది. మూతి ముడిచింది. విజయమ్మ ఆశగా ముందుకు వంగింది. పిల్ల నోరు తెరిచింది.

ఆవులించింది. అమ్మమ్మ గుండెల మీద తల వాల్చి నిద్రపోయింది.

పొద్దుటి నుంచీ నిద్రలేని పిల్లని ఊగే లాంచీలో పెడితే ఇంకేం చేస్తుంది? ఉయ్యాల అనుకుంది. పులిగడ్డ రేవులో జనం కేకలు వేసుకుంటూ దిగారు, ఎక్కారు. ఎవరో సైకిలు ఎక్కించారు. రెండు మేకలు గొంతు చించుకున్నాయి. పిల్ల కదల్లేదు. తిరుగు ప్రయాణంలో విజయమ్మ గట్టిగా దగ్గి చూసింది.

"అమ్మా, దగ్గకు," అంది కరుణ.

పెనుమూడిలో లాంచీ ఆగింది. విజయమ్మ గట్టు మీద కాలు పెట్టిందో లేదో, రిబ్కా కెవ్వుమంది.

"ఏడ్చింది," అంది విజయమ్మ, మొహం చేటంత చేసుకుని.

"దిగాక ఏడ్చిందమ్మా."

"లాంచీ పడకే ఏడుస్తోంది. కావాలంటే మళ్ళీ ఎక్కుతాను, చూడు. ఇంకా ఏడుస్తుంది."

ఎక్కింది. పిల్ల ఠక్కున ఆపేసింది. విజయమ్మ అనుమానంగా దిగింది. పిల్ల మళ్ళీ ఏడుపు అందుకుంది. మళ్ళీ ఎక్కింది. ఈసారి పిల్ల ఆపడమే కాదు, బోసినోటితో నవ్వింది కూడా. మళ్ళీ దిగింది. పిల్ల రేవంతా వినపడేలా రాగం తీసింది.

"పెద్దమ్మా, ఎక్కుతావో దిగుతావో తేల్చుకో. వెనక జనం ఆగారు," అన్నాడు లాంచీ నడిపే యలమంద.

విజయమ్మ దిగింది. ఓడిపోయానని అర్థమైంది. ఏడుపూ వస్తోంది, నవ్వూ వస్తోంది. గుక్కపట్టిన పిల్లని తెచ్చి కరుణ చేతుల్లో పెట్టింది.

"తీసుకుపోవే. మాటంటే మాటే."

కరుణ పిల్లతో సహా తల్లిని వాటేసుకుంది. అప్పటికి తేరుకున్న ఎజ్రా దగ్గరికొచ్చాడు.

"ఇంక బెంగేం లేదుగా అత్తయ్యా?"

"ఓడ ఎక్కించడానికి బెంగేం లేదు బాబూ," అంది విజయమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "నాలుగో రోజున దీన్ని దింపేదెవరా అని."