మాడు వాసన

"మా అమ్మని వీడు చంపాడో, ఈ బండి చంపిందో ఇవాళ తేలిపోవాలి" అన్నాడు అన్న, షెడ్డులో అడుగుపెడుతూనే.

మెకానిక్ చేతులు గుడ్డకు తుడుచుకుని, జాకీల మీద నిలబెట్టిన కారు కిందికి దూరాడు. తమ్ముడు గోడవారగా నిలబడ్డాడు. బయట పొద్దుటినుంచీ ఒకటే ముసురు. రేకుల కప్పు మీద చినుకుల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు.

అమ్మ పోయి ఇంకా వారం కాలేదు. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే కొండదారి సగం ఎక్కాక తమ్ముడి కారు చతికిలబడింది. ఇంకో బండి దొరికేలోపే ఆవిడ ప్రాణం పోయింది.

"గేర్‌బాక్సులో ఆయిల్ మార్పించి ఎన్నాళ్ళైందిరా?"

"ఈమధ్యే మార్పించానన్నయ్యా."

"నీ ఈమధ్య సంగతి నాకు తెలీదా! చెప్పిన పని చెప్పినట్టు ఏనాడు చేశావు గనక?"

మెకానిక్ బోల్టులు విప్పి గేర్‌బాక్సు అడుగు ట్రే దించాడు. మాడు వాసన షెడ్డంతా గుప్పుమంది. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ తారులా నల్లబడిపోయింది. అందులో వేలు ముంచి, బొటనవేలితో నలిపి చూశాడు. సన్నటి పొడి గరగరలాడింది.

"లోపల ప్లేట్లు కాలిపోయాయి సార్. ఆటోమేటిక్ గేరు కదా, విపరీతంగా వేడెక్కితే ఇంతే."

"ఆయిల్ తక్కువై వేడెక్కింది. అంతేనా?"

"కాదు. విప్పకముందే కొలిచాను. ఉండాల్సినంత ఉంది. ఎక్కడా కారలేదు కూడా."

తర్వాత ఆయిల్‌ని చల్లార్చే గొట్టాలు ఊడదీసి ఊదాడు. గాలి సాఫీగా పోయింది. రేడియేటర్ నిండా నీళ్ళున్నాయి. ఫ్యాను తిరుగుతోంది. ఒక్కో తప్పూ బండి మీంచి తొలగిపోతున్నకొద్దీ అది తన నెత్తి మీదికి జరుగుతోందని తమ్ముడికి తెలుస్తూనే ఉంది. అన్న అతనివైపు చూడటం కూడా మానేశాడు.

చివరికి మెకానిక్ వెనక చక్రం విప్పాడు. లోపలి బ్రేకు డ్రమ్ము చూసి ఆగిపోయాడు. వేడికి ఇనుము నీలం తిరిగిపోయి ఉంది.

"హ్యాండ్ బ్రేకు" అన్నాడు మెల్లగా. "బండిని ఇక్కడ దించినప్పుడు అది బాగా పైకెత్తి ఉంది. ఆగిపోయాక వేశారేమో అనుకుని నేనే దించాను. కానీ అది లేచి ఉండగానే బండి కొండెక్కింది సార్. వెనక చక్రాలు రామని మొరాయిస్తుంటే ఇంజను బలవంతాన లాక్కుపోయింది. ఆ పెనుగులాటంతా గేర్‌బాక్సు మీద పడింది."

అన్న గిర్రున తిరిగాడు.

"హ్యాండ్ బ్రేకు దించకుండా బయల్దేరావురా!"

"లేదన్నయ్యా, దించాను. నాకు బాగా గుర్తు."

"ఎర్ర లైటు వెలిగి ఉండాలే?" అన్నాడు మెకానిక్.

"వెలిగింది. వేడి లైటూ వెలిగింది. పక్కన అమ్మ ఊపిరందక గిలగిల్లాడుతుంటే లైట్లు చూస్తూ కూర్చుంటానా?"

"నేను బైకు మీద ముందెళ్ళి బెడ్డు మాట్లాడి, చక్రాల కుర్చీ పట్టుకుని ఆస్పత్రి గుమ్మంలో నిలబడ్డాన్రా" అన్నాడు అన్న. "బయల్దేరేటప్పుడు అమ్మ రానంటే రానని మొండికేసింది. చిన్నపిల్లని ఎత్తినట్టు ఎత్తుకొచ్చి నీ బండిలో కూర్చోబెట్టాను. పోయినసారి బతికి రాలేదా? ఈసారీ వచ్చేది!"

"నేను దించానన్నయ్యా. నీమీద ఒట్టు. దానంతటదే లేచిందేమో..."

"దానంతటది లేవదు" అన్నాడు మెకానిక్. "ఎవరో ఒకరు పట్టి లాగాలి."

"విన్నావా? మరి బండిలో ఇంకెవరున్నార్రా?"

తమ్ముడు తెరిచి ఉన్న కారు తలుపులోంచి ముందు సీట్లవైపు చూస్తూ ఉండిపోయాడు. చూస్తుండగానే అతని మొహంలో నెత్తుటిచుక్క లేకుండా పోయింది.

"అవునన్నయ్యా" అన్నాడు చివరికి. "నేనే. కంగారులో దించడం మర్చిపోయాను."

అన్న చెయ్యి పైకి లేచింది. లేచిన చెయ్యి దెబ్బ వెయ్యలేక, వెనక్కి వచ్చి తన మొహాన్నే కప్పుకుంది. కాసేపు వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఇంకెప్పుడూ నన్ను అన్నయ్యా అని పిలవకు" అని, వెనక్కి తిరిగి చూడకుండా వానలోకి వెళ్ళిపోయాడు.

అతను కనుమరుగయ్యేదాకా ఆగి మెకానిక్ అడిగాడు. "అబద్ధం ఎందుకాడారు బాబూ? బ్రేకు అంత పైకి లేచి ఉంటే బండి మీ వీధి కూడా దాటదు. దారిలో, నడుస్తుండగానే, కొంచెం కొంచెంగా లేచి ఉండాలి. మీరు లాగి ఉండరు. అంత పెద్ద నింద ఎందుకు నెత్తినేసుకున్నారు?"

"అన్నయ్యకి చెప్పకండి. నామీద కోపంతోనైనా బతుకుతాడు. ఇది తెలిస్తే బతకలేడు."

"ఏది తెలిస్తే?"

తమ్ముడు కారు తలుపులోంచి సీట్ల మధ్యనున్న హ్యాండ్ బ్రేకు లివరు చూపించాడు.

"కొండ ఎక్కుతున్నంతసేపూ అమ్మ ఆ లివరు పట్టుకునే కూర్చుంది. మలుపుల్లో తూలిపోతానని భయమేమో అనుకున్నాను. బండి ఆగిపోగానే నా మొహంలోకి చూసి 'అమ్మయ్య' అంది."