ఓపెన్ చేస్తే గానీ

డాక్టరమ్మ కాగితం మీద రెండు బొమ్మలు గీసింది. ఒకటి, మా ఆవిడ రొమ్ములో గడ్డ మటుకు తీసి తర్వాత కరెంటు, అదే రేడియేషను, పెట్టడం. రెండోది, రొమ్మంతా తీసెయ్యడం.

"ఏది చేయించుకుంటారో ఆలోచించుకోండి," అంది.

మా ఆవిడ నా వంక చూసింది. నాకు చదువు లేదు గానీ నలభై ఏళ్లుగా లారీ ఇంజన్లు బాగుచేస్తున్నాను. ఎవరి ముందూ నసిగే రకం కాదు.

"తిప్పి తిప్పి చెప్పకండమ్మా. ఏది చేస్తే మనిషి బతుకుతుందో ఒక్క ముక్కలో చెప్పండి," అన్నాను.

డాక్టరమ్మ స్కానింగు ఫిలిం మళ్లీ కవరులో పెట్టేసింది. "చంకలోకి ఎంత పాకిందో ఓపెన్ చేస్తే గానీ చెప్పలేం, పెద్దాయనా."

అది షెడ్డులో నేననే మాట. పొగ చూడగానే ఇంజను పోయిందని నాకు తెలిసిపోయేది. ఆ బండి మీద బతికేవాడి మొహం చూసి చెప్పలేక, "ఓపెన్ చేస్తే గానీ చెప్పలేను, రేపు రా," అనేవాణ్ణి. ఈ గుట్టు మా ఆవిడక్కూడా చెప్పలేదు.

"సరే, పదవే," అని లేచాను.

"మీరు కూర్చోండి," అంది మా ఆవిడ. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగింది. "షెడ్డులో ఈయనా ఈ మాటే అంటారమ్మా. వచ్చినవాళ్లకి టీ ఇచ్చేది నేనే. ఈయన ఆ మాటన్న ఇంజను ఒక్కటీ మళ్లీ తిరగలేదు. మీకు తెలిసింది ముందు చెప్పండి. ఏది కోయాలో తర్వాత నేను చెబుతాను."

డాక్టరమ్మ లేచి వెళ్లి తలుపు మూసింది. కుర్చీ మా ఆవిడ పక్కకు లాక్కుంది.