వంద మీటర్ల జాగా

గ్రౌండ్‌లోకి ఎవరో కొలత టేపుతో దిగారని తన జట్టులోని మరియా కేక పెట్టగానే ఇఫ్రాకు ఒళ్లు మండింది.

నిజానికి ఆమె పొద్దుట్నుంచీ మండుతూనే ఉంది.

షామీర్‌పేట అమ్మాయిల రగ్బీ లీగ్ జట్టుకు ఆమె కెప్టెన్. కోడిగుడ్డు లాంటి ఆ బంతిని చంకలో పెట్టుకుని పరుగు తీసిందంటే, ఎదుటి పదమూడు మందిలో ఒక్కరూ పట్టుకోలేరు. ఈసారి ఇండియా జట్టులో పేరు వచ్చింది. ఆదివారం ఖాట్మండులో నేపాల్‌తో మ్యాచ్.

సరిగ్గా ఆ ఆదివారమే ఇక్కడ క్లబ్బుల ఫైనల్.

దేశం మ్యాచ్ రోజే ఫైనల్ పెట్టిన మహానుభావుడి ఇంట్లో క్యాలెండర్ లేదా ఏమిటని ఇఫ్రా తిట్టని తిట్టు లేదు. క్లబ్ సెక్రటరీ మధుసూదన్ దగ్గరికి వెళ్తే, ఆమెను పంపుతున్నట్టు కాగితం రాసివ్వనన్నాడు.

"ఫైనల్ ఇడిసిపెట్టి పోతవా? నువ్వు లేకుంటే కప్పు ఎట్లొస్తది? నేనైతే సంతకం పెట్ట."

"ఇండియా సార్!"

"ఫైనల్ తారీఖు మారితే పో. నేనెందుకు వద్దంట?"

ఆ కాగితం సాయంత్రం ఐదింటిలోగా ఇండియా జట్టు వాళ్లకు చేరకపోతే, ఇఫ్రా బదులు రిజర్వులో ఉన్న అమ్మాయి వెళ్తుంది. అప్పటికే నాలుగు దాటింది. ఆ ఉక్రోషమంతా బంతి మీద తీర్చుకుంటుంటే, ఈ టేపు పెద్దాయన దాపురించాడు.

యాభై దాటి ఉంటాయి. ఒంటి మీద ఫ్యాక్టరీ యూనిఫాం. టేపు కొసను రాయి కింద పెట్టి, వంగి వంగి నడుస్తున్నాడు.

ఈ చుట్టుపక్కల జాగా కొలిచేవాడంటే ప్లాట్లు చేసేవాడే. మేడ్చల్ రోడ్డు పక్కన వాళ్లు ఆడుకున్న మొదటి గ్రౌండ్‌ను ఇలాగే ఒకడు కొలిచాడు. పాపం, అమ్మాయిలే వాడికి టేపు పట్టి సాయం చేశారు. నెల తిరక్కుండా గేటు, రంగు జెండాలు, వెంచర్ బోర్డు వెలిశాయి. రెండో గ్రౌండూ అలాగే పోయింది. మిగిలింది ఇదొక్కటే.

ఇఫ్రా పరుగున వెళ్లి టేపును తొక్కి నిలబడింది.

"ఏయ్ పెద్దమనిషీ, ఎవరు పంపిండ్రు నిన్ను?"

"ఆగు బిడ్డా, ఐదు నిమిషాలు. పొడుగు వంద మీటర్లు సరిగ్గ ఉంది. అడ్డం ఒక్కటి సూసుకుంటే..."

"ఎన్ని ప్లాట్లు పడ్తయ్?"

"ప్లాట్లేంది తల్లీ? నేను సూరారం నుంచి..."

"సూరారం నుంచి రా, సుచిత్ర నుంచి రా! రెండు గ్రౌండ్లు మింగిండ్రు, ఇంక సాల్లేదా మీకు?"

"జర ఇను బిడ్డా. గీ కొలత జల్దీ పంపాలె, లేకుంటే..."

"పంపుతవా? ఎట్ల పంపుతవో నేనూ సూస్త!"

టేపు లాక్కుని సర్కారు తుమ్మ పొదల్లోకి విసిరేసింది. మిగతా అమ్మాయిలు చుట్టుముట్టారు. బ్రోకర్ అంది ఒకతి, దొంగ అంది మరొకతి. ఆయన నోరు తెరిచినప్పుడల్లా ఈలలు వేశారు. చివరికి రెక్క పట్టుకుని గేటు దాటించారు. గొళ్లెం పెట్టింది ఇఫ్రాయే.

గేటు బయట ఆయన ఎవరికో ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తినట్టు లేదు. మళ్లీ చేశాడు. తర్వాత వీళ్లకు రెండు చేతులూ జోడించాడు. అది చూసి అమ్మాయిలు పగలబడి నవ్వారు.

ఒక్క గ్రౌండైనా కాపాడుకున్నానని ఇఫ్రాకు ఆ రోజు మొదటిసారి మనసు కుదుటపడింది.

ఐదుంపావుకు మధుసూదన్ ఫోన్ చేశాడు.

"ఓదెలు రాలేదా ఆడికి?"

"ఓదెలు ఎవరు సార్?"

"లీగ్ షెడ్యూల్ జేసేటాయన. టేపు పట్టుకొని వస్త అన్నడు గద."

ఇఫ్రా తుమ్మ పొదల వైపు తిరిగి చూసింది.

"పొద్దుగాల నుంచి నా పాణం తీసిండు. ఇండియాకు ఎంపికైన పిల్లను ఆపొద్దు, తారీఖు తప్పు నాదే, ఫైనల్ బుధవారం పెట్టిపిస్త అన్నడు. ఫైనల్ పెట్టిన స్టేడియం ఆదివారమే దొరుకుతదట. ఫుల్ సైజు గ్రౌండ్ ఇంకోటి సూపిస్తే మారుస్తమని లీగోళ్లు అన్నరు. మన గ్రౌండ్ కొలుసుకో పో అన్న. బుధవారమైతే నీ కాగితం మీద సంతకం గూడ పెడ్త అన్న."

"మాకెందుకు చెప్పలేదు సార్!" ఇఫ్రా అరిచింది. ఎదురుగా ఉంటే ఆయన కాలర్ పట్టుకునేదే.

"రిజిస్ట్రేషన్ ఆఫీసుల ఉన్న, మర్శిన. ఓదెలు ఫోన్ గూడ జేసిండు, ఎత్తలే. కొలత రాలేదని ఫైనల్ ఆదివారమే ఉంచిండ్రు."

"నేను గిప్పుడే కొలిచి పంపుత!"

"ఐదు దాటింది. నీ జాగల వేరే పిల్ల పేరు పోయింది."

మధుసూదన్ మీద కోపం, షెడ్యూల్ మీద కోపం, అన్నిటికంటే గొళ్లెం పెట్టిన తన చేతి మీద కోపం.

"ఎవరు సార్ ఆ పిల్ల?"

"సెమీఫైనల్ల మన చేతిల ఓడిన సూరారం కెప్టెన్ తృప్తి," అన్నాడు మధుసూదన్. "గా ఓదెలు బిడ్డనే."