చెంబు కింద చెవిపూసలు

చెవిపూసలు వచ్చాక పరాయి భాష నేర్చుకునే పని ఎవరికీ లేదు. ఎవరేం మాట్లాడినా చెవిలో మన భాషే వినిపిస్తుంది. పిల్లల పూసల్లో రికార్డయిన మాటల్ని సాయంత్రం తల్లులం వింటాం. నేనూ చిక్కుళ్లకు ఈనెలు తీస్తూ మా హాసిని మాటలు వింటాను. నా బడి తొమ్మిదో తరగతిలో పెళ్లితో ఆగింది. దానిదీ ఏ ప్రేమలోనో పడి ఆగిపోతుందేమోనని నా భయం.

వారంగా రోజూ ఒక గంట దాని పూసలో మాటల్లేవు. నిన్న ఆ వేళకే మేడెక్కాను. హాసిని, పక్కింటి ఒడియా కుర్రాడు సుభ్రాంశు పిట్టగోడ పక్కన కూర్చుని ఉన్నారు. ఇద్దరి పూసలూ బోర్లించిన చెంబు కింద దొరికాయి.

"ఏటే, ఇవెందుకు తీసీసినారు?"

"పూసుంటే ఎలా నేర్చుకుంటామే అమ్మా?"

దాని ఒళ్లోని నోటుబుక్కు లాక్కున్నాను. ఒక పక్క తెలుగు మాటలు, ఎదురుగా ఒడియా మాటలు. నీళ్లు, జ్వరం, కోపం, ఆకలి. ఎంత వెతికినా ప్రేమ అన్న మాట లేదు.

"సూసీసావా? ఏటీ లేదు కదా!" అని నవ్వింది హాసిని.

ఆ కుర్రాడు లేచి నిలబడి, "కూర్చోండమ్మా" అన్నాడు తడబడుతూ, తెలుగులోనే. నా చెవిలోనూ పూస లేదు.

ప్రేమలేఖైతే అక్కడే చింపేసేదాన్ని. అవసరమే లేని భాషను ఒకరి కోసం ఒకరు ఇంత కష్టపడి నేర్చుకుంటున్నారు. దాన్నెలా చింపను?