బుధవారం పాల కాఫీ

బుధవారం ఉదయం ఎనిమిదిన్నరకి ఎవెలియో ఎప్పటిలాగే హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చున్నాడు, వీపు గోడకి ఆనించి, కళ్లు తలుపు మీద పెట్టి.

పనులకి పోయేవాళ్లు బయట, కాఫీ అందించే కిటికీ దగ్గరే నిలబడి, గుక్కెడు కాఫీ గొంతులో పోసుకుని వెళ్లిపోయారు. హయలియా ఊళ్లో ఆ వేళకి తీరిగ్గా కూర్చుని తినేది పింఛను మనుషులే.

“నీ పెళ్లాం ఇంకా రాలేదేం?” అని ఎప్పటిలాగే ఆటపట్టించింది వడ్డించే మిగ్డాలియా, పాల కాఫీ కప్పు దించుతూ.

“ఫెర్మిన్ వస్తాడులే.”

“ఇవాళే ఆఖరటగా! అతని కూతురొచ్చి తన ఊరు టాంపా తీసుకుపోతోందట. ఇక ఎవరితో పోట్లాడతావు నాయనా?”

ఎవెలియో నవ్వలేదు. వారం రోజులుగా అతనికి కంటి మీద కునుకు లేదు.

ఆరేళ్ల కిందట ఒక బుధవారం మిగ్డాలియాయే ఫెర్మిన్‌ని తీసుకొచ్చి ఈ బల్ల దగ్గర కూలేసింది. “ఇద్దరూ ఒంటిగాళ్లే. రెండు బల్లలెందుకు దండగ?” అంది. ఎవెలియో తలెత్తేలోపే ఆ కొత్త మనిషి దగ్గాడు. పొడిగా, రెండుసార్లు.

ఆ దగ్గు ఎవెలియోకి తెలుసు. నలభై ఏళ్ల కిందట, తాము పుట్టిన ద్వీపంలో, జైలు ఇనుప తలుపుకి అవతలి నుంచి తొమ్మిది నెలలు విన్నాడు దాన్ని. ఇప్పటికీ కలలో వినబడితే ఒళ్లంతా చెమట పట్టి లేచి కూర్చుంటాడు.

పారిపోదామని సగం లేచాడు. ఫెర్మిన్ అతని ముఖంలోకి చూసి, “ఆ ఉప్పు ఇటు జరుపుతావా?” అన్నాడు. అంతే. గుర్తుపట్టినట్టు లేదు. అప్పటి ఎవెలియో ఇరవై రెండేళ్ల బక్కపలచటి గడ్డం కుర్రాడు మరి.

అప్పటి నుంచి ఒక్క బుధవారం తప్పలేదు. వెన్న రాసిన రొట్టె కాఫీలో ముంచుకుంటూ, గుడ్లు చల్లారిపోయేదాకా బేస్‌బాల్ గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ వాదించుకునేవారు. ద్వీపం మాట ఫెర్మిన్ ఎత్తడు. ఎవెలియో ఎత్తలేడు. ఒక్కోసారి ఫెర్మిన్ నమలడం ఆపేసి ఎవెలియో నోటి వంక చూస్తూ ఉండిపోయేవాడు.

తలుపు తెరుచుకుంది. ఫెర్మిన్ వచ్చాడు, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలో.

“ఏంట్రా, ఆ ఏడుపు మొహం? నేను పోయేది టాంపాకి. కాటికి కాదు.”

ఇద్దరూ తిన్నారు. ఎప్పటికంటే నెమ్మదిగా. మిగ్డాలియా అడక్కుండానే జామగుజ్జు కూరిన పఫ్‌లు తెచ్చిపెట్టి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. పది దాటింది. చుట్టూ బల్లలు ఖాళీ అయ్యాయి.

“ఫెర్మిన్,” అన్నాడు ఎవెలియో. “నీకో మాట చెప్పాలి.”

ఫెర్మిన్ చేతిలోని రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేశాడు.

“చెప్పు.”

ఎవెలియో పెదాలు కదిలాయి. ఫెర్మిన్ ముందుకు వంగి, రెప్ప వేయకుండా ఎదురుచూశాడు.

“టాంపాలో… ఇక్కడికంటే చలి ఎక్కువ,” అన్నాడు ఎవెలియో చివరికి. “స్వెట్టర్ పట్టుకెళ్లు.”

బయట కారు హారన్ మోగింది. కూతురు వచ్చేసింది.

ఫెర్మిన్ పళ్లెం పక్కకి జరిపాడు. తర్వాత టోపీ తీసుకుని లేచాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఎవెలియో భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగాడు.

“మొదటి బుధవారమే గుర్తుపట్టాను సార్జెంటుగారూ,” అన్నాడు మెల్లగా, “మా తమ్ముణ్ణి ఎక్కడ పూడ్చిపెట్టారో మీ అంతట మీరే చెబుతారని ఆరేళ్లు మీ ఎదురుగా కూర్చుని తిన్నాను.”